ఉడికిన నీళ్లు ఎటు పోతాయి?

గద్వాల వెళ్లేవాళ్లు చీర కోసం వెళ్తారు, లేదా కోట చూడటానికి వెళ్తారు. నేను రెండు జపనీస్ క్రియల కోసం వెళ్లాను. వినడానికి వింతగా ఉంటుందని తెలుసు కాబట్టి, సంగతి ముందే చెప్పేస్తాను.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. హైదరాబాద్‌లో ఒక డిజైన్ ఆఫీసులో పని. అక్కడ జపాన్ వాళ్లతో మాట్లాడాల్సి రావడంతో ఆ భాష నేర్చుకున్నాను. సెలవు రోజుల్లో ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతాను. నాగర్‌కర్నూల్‌లోని ఒక చిన్న శిక్షణ కేంద్రం పిల్లలు నా క్లాసులో ఉన్నారు. వాళ్లు జపాన్‌లో వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్లను చూసుకునే పనికి వెళ్లాలనుకునేవాళ్లు.

ఆ పనికి జరిగే ఇంటర్వ్యూలో ఒక భాగం వంట. కెమెరా ముందు నిలబడి చిన్న భోజనం తయారు చేస్తూ, చేతులు చేసే ప్రతి పనినీ నోటితో జపనీస్‌లో చెప్పాలి. రాజోలి అమ్మాయి ఎస్తేరు మొదటిసారి అక్కడే ఆగిపోయింది. క్యారెట్‌ను చారులో ఉడికిస్తూ ‘యుదెరు’ అంది, గుడ్డును నీళ్లలో ఉడికిస్తూ ‘నిరు’ అంది. రెండూ తారుమారు. తడబాటు మొదలయ్యాక మిగతా మాటలూ పోయాయి. రెండో అవకాశం ఇచ్చారు. మూడోది లేదు. ఈసారి కాకపోతే దసరా తర్వాత తల్లితో కలిసి పుణె దగ్గర రోడ్డు పనికి వెళ్లాలి. ఇద్దరం వస్తామని తల్లి అప్పటికే మేస్త్రీకి మాట ఇచ్చింది.

ఇంటర్వ్యూ శనివారం నాగర్‌కర్నూల్‌లో. నేను గురువారమే బయల్దేరాను. ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని తేడా, పొయ్యి పక్కన నిలబడితే ఎక్కుతుందని నా ఆశ.

గద్వాల: ప్లేటులో మూడు క్రియలు

రైలు దిగి స్టేషన్ బయట బండి దగ్గర వగ్గాని తిన్నాను. బొరుగులు నీళ్లలో తడిపి, గట్టిగా పిండేసి, ఉల్లిపాయ పచ్చిమిర్చి తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిర్చి బజ్జీ పెట్టి ఇస్తారు. ముప్పై రూపాయలు. మా తణుకు వైపు బొరుగులంటే ఉప్పూ కారం కలిపి సాయంత్రం నమిలేవి. వాటిని తడిపి టిఫిన్ చేస్తారని నాకు తెలియదు.

నాకు ఏది చూసినా పట్టిక వేసుకునే అలవాటు. బండాయన చేతులు చూస్తూ మనసులోనే ఒకటి వేసుకున్నాను. ఉల్లిపాయ కొంచెం నూనెలో కలియబెడుతూ వేయించడం ‘ఇతమెరు’. బజ్జీ నిండు నూనెలో వేసి తీయడం ‘అగెరు’. పొడి కోసం పుట్నాలు నూనె లేకుండా వేయించడం ‘ఇరు’. ఈ మూడింటికీ మా క్లాసు పిల్లల దగ్గరున్న పుస్తకంలో ఇంగ్లిష్ అర్థం ఇంచుమించు ఒకటే, ఫ్రై. జపనీస్ నుంచి ఇంగ్లిష్‌కు, అక్కడి నుంచి తెలుగుకు వచ్చేసరికి మూడు పనులూ ఒకే మూటలో పడతాయి. తిన్నగా తెలుగులోకి వస్తే దేని దారి దానికి దొరుకుతుంది.

బండాయన్ని అడిగాను, “నూనె లేకుండా చేస్తే ఏమంటారు?”

“ఏంచుడు.”

“నూనెలో అయితే?”

“గోలిచ్చుడు.” నా వైపు అనుమానంగా చూశాడు. “ఏంది సారు, బండి పెడ్తవా ఈడ?”

పెట్టనని చెప్పాక ఇంకో బజ్జీ ఊరికే వేశాడు.

రాజోలి: మరియమ్మ పొయ్యి

రాజోలికి తుంగభద్ర దగ్గరే. ఏరు అంత పక్కన ఉన్న ఊళ్లో నీళ్లకు కొదవ ఉండదనుకున్నాను. ఎస్తేరు వాళ్ల వాకిట్లో బిందెలు, ప్లాస్టిక్ డ్రమ్ములు, రెండు పాత రంగు డబ్బాలు వరసగా ఉన్నాయి, అన్నింటికీ మూతలు. నల్లా రోజు విడిచి రోజు వస్తుందట. నేను ఏటి మాట ఎత్తితే ఎస్తేరు తల్లి మరియమ్మ నవ్వింది.

“ఏరుంటే ఏం సారు, అది నడిచి మా ఇంటికొస్తదా?”

మరియమ్మకు యాభై దాటి ఉంటాయి. చిన్నప్పటి నుంచి పొలం పని. మధ్యలో చాలా ఏళ్లు బొంబాయి, పుణె వైపు రోడ్డు పనులు. అక్కడ తట్ట మోసే పని కొన్నాళ్లు చేసి, తర్వాత తమ ముఠాకు వంట చేసిపెట్టేదట. ఎస్తేరు ఇంటర్ పూర్తి చేసింది. మాట మెత్తగా ఉంటుంది గానీ, తల్లి దగ్గర మాత్రం వెనక్కి తగ్గదు.

మధ్యాహ్నం జొన్నరొట్టె. మరియమ్మ పిండిని చేత్తో తట్టి పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన ఒకసారి అద్ది, తిప్పి, చివరికి తీసి నిప్పుల మీద నిలబెట్టింది. రొట్టె పొంగింది.

“పెనం మీద?” అన్నాను.

“యకిమాస్,” అంది ఎస్తేరు వెంటనే. ఆ భాషలో మర్యాదగా చెప్పేటప్పుడు క్రియ చివర ‘మాస్’ చేరుతుంది.

“నిప్పుల మీద?”

“అబురిమాస్.”

“కాల్చుడుకు గిన్ని పేర్లా,” అంది మరియమ్మ. “కాలేది ఒకటే రొట్టె గద.”

నిప్పుతో చేసే మాటలేవీ ఎస్తేరుకు కష్టం కాలేదు. ఆవిరి మీద ఉడికించే ‘ముసు’ తెలుసు. అన్నం వండే ‘తకు’ తెలుసు. ఉత్త నీళ్లు కాగబెట్టే ‘వకసు’ తెలుసు. జపనీస్‌లో వేడినీళ్లకు చన్నీళ్లతో సంబంధం లేని వేరే పేరు, ‘యు’. దాన్నీ ఆమె తేలిగ్గా పట్టేసింది, వాళ్లింట్లోనూ వాటిని ఉడుకునీళ్లు అనే అంటారు కాబట్టి. చిక్కంతా ఆ రెండు మాటల దగ్గరే. రుచి వేసిన రసంలో ఉడికిస్తే ‘నిరు’. ఉత్త వేడినీళ్లలో ఉడికించి బయటికి తీస్తే ‘యుదెరు’.

ఎందుకు చిక్కో ఆ వంట చూస్తుంటే అర్థమైంది. మరియమ్మ కందిపప్పు ఉడికించి, పైన తేలిన కట్టు వేరే గిన్నెలోకి వంచింది. అది చారయింది. గోకరకాయలు, అంటే గోరుచిక్కుళ్లు, ఉడికించి ఆ నీళ్లలో చింతపండు నానేసింది. అది పచ్చిపులుసులోకి పోయింది. అన్నం గంజి వంచి, ఉప్పేసి, రెండు గ్లాసుల్లో పోసి ఒకటి నా చేతికిచ్చింది. ఆ పొయ్యి మీద ఉడికిన నీళ్లు ఒక్క చుక్క కూడా నేల మీద పడలేదు. అన్నీ ఎవరో ఒకరి నోట్లోకి వెళ్లాయి. ఇలాంటి ఇంట్లో పెరిగిన అమ్మాయికి ఆ రెండు మాటలూ ఒకే పనిలా కనిపించడంలో వింతేముంది? మా ఇంటి వెనక కాలవ పారుతుంది. మా అమ్మ ఏది ఉడికించినా నీళ్లు పెరట్లో కుమ్మరించేది. నాకు ఆ తేడా పుట్టుకతో వచ్చింది.

భోజనానికి ముందు మరియమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ప్రార్థన అయ్యాక ఎస్తేరుకు ఒక సూత్రం చెప్పాను. “నీళ్లు పారబోస్తే యుదెరు. నీళ్లు కూడా తింటే నిరు. ఇంతే గుర్తుపెట్టుకో.”

“గంతేనా సార్?” ఎస్తేరు మొహం వెలిగింది.

“పారబోసుడు ఏంది సారు?” మరియమ్మ రొట్టె తుంచడం ఆపేసింది. “సైటు కాడ ట్యాంకరొస్తెనే నీళ్లు. పప్పుడికిన నీళ్లు పారబోస్తే మేస్త్రీ ఏమనకున్నా, పక్కల పండేటోళ్లు తిడ్తుండిరి.”

“ఇది పరీక్ష కోసం అమ్మా. వాళ్లు నూడుల్స్ ఉడికించి నీళ్లు సింకులో వంచేస్తారు.”

“పైసలున్నోళ్లు గద, నీళ్లు వాళ్లవి.”

“నీళ్లు వాళ్లవైతే నీకేం పోయె?” అంది ఎస్తేరు.

సాయంత్రం నేను హైదరాబాద్ నుంచి తెచ్చిన సోబా నూడుల్స్‌తో సాధన చేశాం. బక్వీట్ అనే ధాన్యం పిండితో చేసే బూడిద రంగు నూడుల్స్ అవి. రెండు పొట్లాలు తెచ్చాను, ఒకటి సాధనకు, ఒకటి శనివారానికి. ఎస్తేరు మాటలన్నీ సరిగ్గా చెప్పింది, నీళ్లు వాకిట్లో పారబోసింది కూడా. పారబోసేటప్పుడు మాత్రం తల అటు తిప్పుకుంది. పక్కింటివాళ్లు రుచి చూస్తామని వచ్చి పొట్లం పూర్తి చేశారు. వాళ్లందరి అభిప్రాయం ఒకటే, ఉప్పూ లేదు, కారమూ లేదు, పాపం ఆ దేశపోళ్లు.

శ్రీరంగాపూర్: జపాన్ అంబలి

శుక్రవారం ముగ్గురం బయల్దేరాం. బీచుపల్లి దగ్గర వంతెన మీద బస్సు కృష్ణ దాటుతుంటే మరియమ్మ కిటికీలోంచి చేయి బయటపెట్టి, ఆ చేతిని కళ్లకు అద్దుకుంది. “మొక్కినవా?” అని ఎస్తేరు ఆటపట్టిస్తే, “నీళ్లకు అందరం మొక్కాలె,” అంది.

శ్రీరంగాపూర్‌లో మరియమ్మ చెల్లెలు రూతమ్మ ఉంటుంది. ఆమె ఇంట్లో రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి ఉంది. శిక్షణ కేంద్రంలోనూ అలాంటిదే. కట్టెల పొయ్యి మీద అలవాటైన చేతికి మంట తగ్గించి పెంచడం ఒకసారి రావాలని అక్కడ ఆగాం. గుడి పక్క చెరువు నిండుగా ఉంది. గట్టు మీద వేయించిన పల్లీలు పది రూపాయల పొట్లం కొన్నాను. ఎస్తేరు నమలకముందే “ఇరిమాస్” అంది.

మిగిలిన సోబా పొట్లం ముట్టుకోకూడదు. రంగు దగ్గరగా ఉందని కిరాణా కొట్లో రాగి సేమియా కొన్నాను. పొట్లం వెనక ఏముందో చదవలేదు. మరిగే నీళ్లలో వేసిన కాసేపటికే అది కరిగి గిన్నె నిండా చిక్కటి ముద్దయింది. తడిపి ఆవిరి మీద పెట్టాలట.

రూతమ్మ గరిటె ముంచి ఎత్తి చూసింది. “సారు, మీ జపాను అంబలైంది.”

“ముసు చెయ్యాలె సార్ దాన్ని,” అంది ఎస్తేరు, గుంభనంగా. “యుదెరు చేసినం.”

ఆ మాటకు నాకు ఎంత సంతోషం కలిగిందంటే, ముద్ద సంగతి మర్చిపోయాను. మజ్జిగ పోసుకుని నలుగురం తాగేశాం. బాగుంది.

తర్వాత మామూలు సేమియాతో మళ్లీ చేశాం. ఈసారి వేడినీళ్లు వంచేటప్పుడు మరియమ్మ ఎక్కడి నుంచో గంగాళం తెచ్చి నీళ్లు పోయే మోరీ మీద పెట్టింది.

“అమ్మా, మోరీలనే పొయ్యాలె,” అంది ఎస్తేరు.

“పొయ్యి. నేను మోరీ మీద గంగాళం పెట్టిన, గంతే.”

“పరీక్షల గిట్ల చేస్తే నన్ను ఫెయిలు చేస్తరే!”

మరియమ్మ గంగాళం తీయలేదు. కాసేపయ్యాక, ఎస్తేరు బయటికి వెళ్లినప్పుడు నన్ను అడిగింది, “సారు, నిజం చెప్పు. వస్తదా దానికి?”

“మాటలన్నీ వచ్చు. తడబడకపోతే వస్తుంది.”

“రాకుంటే నాతోని తోల్కపోత. పని చేస్తది, చెయ్యదని కాదు.” గంగాళంలో నీళ్లు రూతమ్మ గేదె కుడితి కుండలో పోస్తూ అంది. “కానీ పోయిన తాప తోల్కపోతే, సైటు కాడ అది ఒక్క పుస్తకం గూడ తెరువలే.”

నాగర్‌కర్నూల్: తెర మీద ఇద్దరు

శనివారం పొద్దున వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ చేరాం. వనపర్తి బస్టాండులో ఇడ్లీ తింటుంటే నా టిఫిన్ ప్లేటులోని సాంబారు చొక్కా మీద పడింది. సాంబారు మరకతోనే జపాన్ వాళ్ల ముందు కూర్చోవాల్సి వచ్చింది. నయం, కెమెరా నా వైపు తిప్పలేదు.

శిక్షణ కేంద్రం వంటగదిలో గట్టు, సింకు, రెండు బర్నర్లు. తెర మీద ఇద్దరు. ఒకరు ఆఫీసు చూసే యువకుడు, మెడకు గుర్తింపు కార్డు. ఇంకొకరు ఆ వృద్ధాశ్రమంలో వంటగది చూసే పెద్దావిడ, తెల్లటి టోపీ. మరియమ్మకు లోపల ఉండే అనుమతి ఉంది కానీ మాట్లాడకూడదు. ఆమె గోడ పక్కన స్టూలు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎస్తేరు మొదలుపెట్టింది. ఓ-యు ఓ వకషిమాస్, నీళ్లు కాగబెడుతున్నాను. సరే. క్యాబేజీ, ఉల్లి, ఇతమెమాస్. సరే. క్యారెట్ ముక్కలు రుచి వేసిన రసంలో, నిమాస్. పోయినసారి జారిన చోటు అదే. ఈసారి గట్టిగా అంది. నేను ఊపిరి వదిలాను. సోబా మరిగే నీళ్లలో వేసి, యుదెమాస్.

ఇక వంచాలి. గిన్నె ఎత్తింది, సింకు వైపు తిరిగింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. గట్టు మీద ఖాళీ స్టీలు గిన్నె ఉంది. జల్లెడ దాని మీద పెట్టి, నూడుల్స్ అందులోకి వంచింది. నీళ్లన్నీ కింద గిన్నెలో చేరాయి. దాని మీద మూత కూడా పెట్టింది. ఆమె అనుకుని చేసిందని నేననుకోను. చేతులు చేసేశాయి.

మూత పెట్టిన చప్పుడు విని యువకుడు తల ఎత్తాడు. “ఇమా నో వా, నిమాషితా కా, యుదెమాషితా కా?” ఇప్పుడు చేసింది నిరునా, యుదెరునా?

నేను నేర్పిన సూత్రం ప్రకారం నీళ్లు పారబోయలేదు కాబట్టి అది నిరు. అలా అంటే తప్పు. పోయినసారి తప్పే మళ్లీ. ఎస్తేరు నా వైపు చూడబోయి ఆగింది. తల్లి వైపు చూసింది. మరియమ్మ కొంగు అలాగే ఉంది.

“యుదెమాషితా,” అంది ఎస్తేరు. తర్వాత, నేను ఎన్నడూ చెప్పించని వాక్యం ఒకటి మెల్లగా కూడబలుక్కుంది. “కొనో ఓ-యు వా, సుతెమాసెన్. ఉచి దె వా, నోమిమాస్.” ఈ వేడినీళ్లు పారబోయం. మా ఇంట్లో తాగుతాం.

యువకుడు ఏదో రాసుకున్నాడు. పెద్దావిడ మాత్రం తెర దగ్గరికి వంగింది. ఆ గిన్నె చూపించమంది. ఎస్తేరు మూత తీసి కెమెరా ముందు పట్టుకుంది. తెల్లటి, చిక్కటి నీళ్లు, ఆవిరి.

“సోబాయు!” అంది పెద్దావిడ, నవ్వుతూ.

తర్వాత ఆమె చెప్పింది నేను తెలుగులో చెబుతాను. సోబా ఉడికిన నీళ్లను వాళ్ల ఊళ్లో కూడా పారబోయరట. తినడం అయ్యాక గిన్నెలో మిగిలిన రసంలో ఆ నీళ్లు పోసుకుని తాగుతారట. వాళ్ల అమ్మ కూడా ఇలాగే మూత పెట్టి ఉంచేదట. నేను ఆ భాషలో ఇన్నేళ్లు పని చేసి సోబా ఎన్నోసార్లు తిన్నాను. ఎస్తేరు ఆ గిన్నె మీద మూత పెట్టకపోతే ఆ మాట నా దాకా వచ్చేది కాదు.

యువకుడు వెంటనే మెత్తబడలేదు. ఆశ్రమం వంటగదిలో ఎవరికి ఎంత ఉప్పు అనేది కొలత ఉంటుందని, అక్కడి పద్ధతి అడగకుండా ఏదీ దాచి వడ్డించకూడదని చెప్పాడు. ఆ మాటా సబబే. “హాయ్, కికిమాస్,” అంది ఎస్తేరు. సరే, అడుగుతాను.

తెర ఆరిపోయాక మరియమ్మ స్టూలు దిగి వచ్చింది. మొదట ఆమె అడిగింది ఇంటర్వ్యూ గురించి కాదు.

“ముసలమ్మ ఏమన్నది ఆ నీళ్లు చూసి?”

“తాగుతరంట అమ్మా ఆడ గూడ.”

“మరి?” మరియమ్మ గ్లాసులు వెతికింది. ముగ్గురికీ పోసింది. ఒక గుటక తాగి నోరు చప్పరించింది. “గంజే. జర ఉప్పెయ్యాలె.”

బస్టాండ్

కబురు సాయంత్రానికి వచ్చింది. తీసుకున్నారు. నాగర్‌కర్నూల్ బస్టాండులో ఎస్తేరు ఫోన్ పట్టుకుని ఆ సందేశాన్ని మళ్లీ మళ్లీ చదివింది. జపనీస్‌లో ఒకసారి, తల్లికి తెలుగులో ఒకసారి. ఏప్రిల్‌లో ప్రయాణం. అప్పటిదాకా కేంద్రంలోనే ఉండి చదువుకోవచ్చు. నేను అచ్చంపేట నుంచి వచ్చిన ఒకాయన దగ్గర నల్లమల తేనె సీసా కొన్నాను. ఎస్తేరుకు ఇస్తే, “ఇది దేంట్ల ఏస్తరు సార్, నిరుల్నా?” అంది. పారబోయకపోతే చాలన్నాను.

హైదరాబాద్ వచ్చాక నా పాఠంలో ఒక వాక్యం మార్చాను. యుదెరు ఎదురుగా ‘ఉడికించి నీళ్లు పారబోయు’ అని ఉండేది. ఇప్పుడు ‘ఉత్త నీళ్లలో ఉడికించి వంచు’ అని ఉంది. వంచిన నీళ్లు ఎటు పోవాలో పాఠం చెప్పనక్కర్లేదు, అది ఇంటింటి వ్యవహారం. ఈ దారిలో ఎప్పుడైనా వెళ్లేవాళ్లు గద్వాల స్టేషన్ బయట వగ్గాని తినండి. రాగి సేమియా కొంటే పొట్లం వెనక చదవండి.

ఇంకో సంగతి. నా బస్సు కదిలేముందు మరియమ్మ పక్కకు వెళ్లి మేస్త్రీకి ఫోన్ చేసింది. ఆమె ఫోన్‌లో ఎప్పుడూ గట్టిగానే మాట్లాడుతుంది, కిటికీ దగ్గర కూర్చున్న నాకు అంతా వినబడింది.

“ఆ, మేస్త్రీ, నేనే మరియమ్మను. బిడ్డ రాదు ఈ తాప. లే, పానం మంచిగనే ఉంది. దానికి వేరే పని దొరికింది. నేనొక్కదాన్నే వస్త.” కాసేపు అవతలి మాట విని, కొంగుతో మొహం తుడుచుకుంది. “అది సరే గని, ఆడ ట్యాంకరు ఎన్ని దినాలకోపాలి వస్తది?”